పాతయినుము కొట్టులో దొరకిన కట్టెలపొయ్యి

ఇబ్రహీంపట్నము నుండి సోదరి యొకరు మాకొక ప్రశ్న వ్రాసియున్నారు. పాతయినుము కొట్టులో ఆమె యొక పొయ్యిని తూకమునకు కొన్నారట. మూరెడెత్తు, గుండ్రని గోడ, పైని మూడు గుబ్బలు, ముందు వెడల్పయిన నోరు, వెనుక గొట్టము తగిలించుటకొక కంత. ఇది యేమి పొయ్యి, యెప్పటిది, దీనిపై వంట చేయవచ్చునా యని వారి సందేహము. 1999లో దీపము పథకము ఆరంభమై గ్యాసు పల్లెలకు ప్రాకిన పిమ్మట పాతపొయ్యి లనేకము అటక లెక్కినవి. కొన్ని యిట్టి కొట్లకు చేరినవి. కావున నీ ప్రశ్న మఱికొందఱికిని కలుగవచ్చును.

పొయ్యి జాతి తెలియవలెనన్న దాని పొట్టలోనికి చూడవలెను. లోతు తక్కువయై, నడుమ చిల్లుల పళ్లెరమును, క్రింద గాలికొక చిన్న తలుపును ఉండిన అది బొగ్గుల కుంపటి. పీపా వలె నిటారుగా నుండి, అడుగున నొకే కంత యున్నచో అది రంపపుపొట్టు పొయ్యి. నడుమ నొక గుండ్రని కఱ్ఱ నిలిపి, చుట్టును పొట్టు దట్టించి, కఱ్ఱను మెల్లగా పైకి లాగినచో ఏర్పడు సొరంగములో మంట గంటలకొలది నిలుచును. ధాన్యపు మరలు గల మన డెల్టాలో ఊకను గూడ నిట్లే కాల్చిరి. రాగిదై, నడుమ గొట్టమును, ప్రక్కను కుళాయియు నున్నది స్నానమునకు నీళ్లు కాచు బాయిలరు. కట్టెలు త్రోయుటకు వీలగు వెడల్పయిన నోరున్నది గనుక మన సోదరి కొన్నది కట్టెలపొయ్యియే. వెనుకటి కంత పొగగొట్టమునకు.

ఈ పొగగొట్టమునకు మన తెలుగునాటనే చరిత్ర యున్నది. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమునకు చెందిన డాక్టరు ఎస్. పి. రాజుగారు పొగలేని వంటిండ్లను గూర్చి 1953లో ఆంగ్లమున నొక పుస్తకము ప్రకటించిరి. ఇంజనీర్లు వంటింటి పొగను లెక్కలోనికి తీసికొనుట మాకు ముచ్చటగా తోచుచున్నది; కన్నులు మండినవారు స్త్రీలే గదా! వారి పొయ్యి మట్టితో కట్టినది. ఒక కుండ క్రింది వేడి రెండవ కుండ క్రిందికి సాగి, పిదప గొట్టము గుండ పైకి పోవును. 1980ల నుండి ప్రభుత్వము వారు మెఱుగు పొయ్యిలను దేశమంతట పంచిరి. కాబట్టి గొట్టపు కంతను చూచి పొయ్యి వయస్సు చెప్పుట సాధ్యము కాదు. అతుకులను చూడవలెను. రివెట్లతో బిగించినది పాతపనిగా నుండుట కలదు. వెల్డింగు చేసినది తఱచు తరువాతిది. పోతయినుము గరుకుగా నుండును. దానిపై అచ్చులో పోసిన అక్షరములుండిన, మసి తుడిచి చదువుడు. అదే మంచి సాక్ష్యము.

వయస్సు కంటె ముఖ్యము క్షేమము. రాత్రివేళ పొయ్యి లోపల బ్యాటరీ దీపము వెలిగించి, నోరు కప్పి చూడుడు. వెలుతురు వచ్చిన ప్రతి పగులు నుండియు పొగ వచ్చును. తెల్లని జింకు పూత గల రేకుతో చేసినదైన వంటకు వాడరాదు. ఆ పూత కాలినప్పుడు వచ్చు పొగ జ్వరము తెచ్చును. మందుల పీపాను కోసి చేసినదను అనుమాన మున్నను వలదు. పాతగొట్టము ఆస్బెస్టాసు సిమెంటుదైన దానిని కోయకుడు, పగులగొట్టకుడు, ఊడ్వకుడు. ఆ ధూళి యూపిరితిత్తులలో చేరి గట్టి మచ్చలనే కాక క్యాన్సరును గూడ కలిగించును. మెఱుగు పొయ్యిలకు ఇట్టి గొట్టములు విరివిగా వాడిరి గనుక మఱి మఱి చెప్పుచున్నాము. క్రొత్తది ఇనుపరేకు గొట్టమే అమర్చుకొనుడు.

కుంపటినిగాని, పొట్టు పొయ్యినిగాని తలుపులు మూసిన గదిలో ఉంచరాదు. పొగ కనబడకున్నను, వాసన లేకున్నను, అందు పుట్టు విషవాయువు నిద్రలోనే ప్రాణము తీయగలదు.

మొదటిసారి పెరటిలో నీళ్లకుండ పెట్టి, బాగుగా నెండిన సరుగుడు కట్టెలతో వెలిగింపుడు. పాతరంగు కాలునపుడు బిడ్డలను దూరముగా నుంచుడు. పొగ గొట్టము గుండ గాక నోటినుండి వెనుకకు వచ్చుచున్న, గొట్టములో మసి పేరుకొన్నదో, దాని యెత్తు చాలదో చూచి సరిచేసిన గాని వంటింటిలోనికి తేకుడు.