విప్పి కూర్చిన బండి

ఉత్తరాంధ్రమున మోటారుకారు మాట వచ్చినప్పుడు పాతతరమువారికి మొదట తలపునకు వచ్చెడివాడు కారు నడపినవాడు కాదు, కారును కదలనీయనివాడు. వీరఘట్టమున జన్మించి, విజయనగరమున పినతండ్రి పోషణలో పెరిగి, కలియుగ భీముడని పేరుగన్న కోడి రామమూర్తి నాయుడు రెండు కార్లను గొలుసులతో తన భుజములకు కట్టించుకొని, వాటిని చెరియొక ప్రక్కకు తోలుమనెడివాడు. ఇంజనులు ఎంత గర్జించినను కార్లు ముందునకు కదలెడివి కావు. ఆ మల్లుడు 1942లో కన్నుమూసెను. ఆయన కథ మాత్రము ఈ సీమలో తాతలనుండి మనుమలకు ఇంకను దిగుచునే యున్నది.

పరుగెత్తు కారును ఆపుట ఒక విద్య. ఏండ్ల తరబడి ఆగిపోయి, తుప్పు పట్టి, కోళ్లు గ్రుడ్లు పెట్టుకొనుటకు మాత్రము పనికివచ్చు కారును మరల రోడ్డెక్కించుట వేరొక విద్య. దీనికి కండబలముతో అంతగా పనిలేదు. ఓర్పు కావలెను, చేతినేర్పు కావలెను, చీకటిపడినప్పుడు దీపము పట్టుకొని నిలుచు తోడు కావలెను. స్పానరు పట్టినవాడు తండ్రియు, దీపము పట్టినవాడు పదునాలుగేండ్ల కొడుకును అయినప్పుడు ఆ షెడ్డులో బండితోపాటు మరికొన్ని సంగతులు కూడ చక్కబడును. అందుకు పేరెన్నికగన్న ఉదాహరణము న్యూజీలండు దేశమున, ఆక్లండు నగరమున జరిగినది.

ఆక్లండులోని రెమ్యూయెరా రోడ్డుమీద లెస్ మెక్లారెన్ అను నాతనికి పెట్రోలు బంకును, దానిని ఆనుకొని మోటారు మరమ్మతుల షెడ్డును ఉండెడివి. ఆయన వయసులో మోటారుసైకిలు పందెములలో పాల్గొన్నవాడు. 1937 ఆగస్టు 30న పుట్టిన కుమారుడు బ్రూస్ ఆ పెట్రోలు వాసనలోనే పెరిగెను. తొమ్మిదేండ్ల ప్రాయమున బాలునకు తుంటి జబ్బు చేసెను. దానిని వైద్యులు పెర్థీస్ వ్యాధి యందురు. తొడయెముక తలకు రక్తప్రసారము తగ్గి, అచటి ఎముక మెత్తబడి చితికిపోవును. అది మరల కట్టుకొనుటకు ఏండ్లు పట్టును. బ్రూస్ సుమారు రెండేండ్లపాటు విల్సన్ హోమ్ అను బాలల చికిత్సాలయమున మంచము పట్టియుండెను. లేచి నడచునప్పటికి ఒక కాలు కురుచయై, నడకలో కుంటు మిగిలిపోయెను. ఆ దేశమున మగపిల్లలకు రగ్బీ ఆటయే లోకము. ఆ లోకపు వాకిలి ఈ బాలునకు మూసికొనిపోయెను.

ఇట్టి దశలో తండ్రి ఒక పాత పందెపు కారును కొనెను. కారును కొనెననుటకంటె కారు ముక్కలను కొనెననుట సరియైన మాట. ఎవరో దానిని ఊడదీసి, కూర్చకయే విడిచిపెట్టియుండిరి. దాని పేరు ఆస్టిన్ సెవెన్ అల్స్టర్.

ఆస్టిన్ సెవెన్ కథయే ముచ్చటయైనది. సామాన్య గృహస్థునకు అందుబాటులో ఉండు చిన్న కారును నిర్మింపవలెనని ఇంగ్లండులో హెర్బర్టు ఆస్టిన్ సంకల్పించి, దాని చిత్రములను గీయుటకు స్టాన్లీ ఎడ్జ్ అను పదునెనిమిదేండ్ల కుఱ్ఱవానిని నియోగించెను. 1922లో బయటికి వచ్చిన ఆ బండికి అచిరకాలముననే 747 ఘనసెంటీమీటర్ల ఇంజను అమరెను. మన వీధులలో ఒకనాడు చిన్నకారునకు పర్యాయపదమైన మారుతి 800 ఇంజను 796 ఘనసెంటీమీటర్లది; ఇది దానికంటెను చిన్నది. అయినను 1929లో అల్స్టరు సీమలో జరిగిన పందెమున, మహాకాయములైన మెర్సిడెస్ వంటి బండ్ల నడుమ ఈ చిట్టిబండ్లు మూడవ, నాలుగవ స్థానములను గెలుచుకొన్నవి. నాటినుండి దాని పందెపు నమూనాకు అల్స్టర్ అను పేరు స్థిరపడెను. బ్రూస్ చేతికి వచ్చునప్పటికి ఆ బండి రమారమి అతని తండ్రి యౌవనమంత పాతది.

ముక్కలైయున్న యంత్రమును కూర్చుట యెట్టిదో ఎరిగినవారికే ఎరుక. ప్రతి భాగమును కిరసనాయిలులో కడిగి, తుడిచి, వరుసగా పేర్చవలెను. ఏ నట్టు ఎచటిదో మరచినచో కూర్పు ముగిసిన పిమ్మట ఒకటి చేతిలో మిగులును. మిగిలిన ఆ ఒక్క నట్టు మెకానికునకు రాత్రి నిద్రపట్టనీయదు. ఇట్టి ఇంజనులలో వాల్వులు సిలిండరు ప్రక్కగా నిలిచియుండును. ఒక్కొక్క వాల్వునకు రాపిడి ముద్ద పూసి, దాని పీఠముమీద ముందునకును వెనుకకును త్రిప్పుచు అరగదీయవలెను. చుట్టును ఎచటను తెగని బూడిదరంగు వలయము ఏర్పడువరకు చేయి ఆపరాదు. ఒక్కచోట తెగినను మండిన వాయువు ఆ సందుననే జారిపోవును. ఇంజను బలము దానితోనే పోవును.

బోల్టు బిగించుట చూచుటకు సులభము. అల్యూమినియపు గుల్లలో ఉక్కుబోల్టును ఒక్క పట్టు అధికముగా బిగించినచో మర చెడును. ఒక్క పట్టు తగ్గినచో నడకలో వదులై ఊడును. ఆ రెంటి నడుమ ‘ఇక చాలును’ అను చోటు ఒకటి కలదు. దానిని ఏ పుస్తకమును చెప్పజాలదు. తండ్రి కొడుకు చేతిమీద చేయివేసి చూపవలెను. అట్లు రెండు మూడు మారులు చూపినపిమ్మట ఆ కొలత ఒక మణికట్టునుండి మరియొక మణికట్టునకు దిగును.

ఈ పనిలో మరియొక సౌలభ్యము కలదు. పదునాలుగేండ్ల కొడుకు తండ్రికి ఎదురుగా కూర్చుండి మాటలాడడు. మార్కులనుగూర్చి అడిగినచో ముభావముగా ఉండును. భవిష్యత్తునుగూర్చి అడిగినచో లేచిపోవును. ఆ కొడుకే ఇంజనుమీదికి వంగి తండ్రి ప్రక్కన నిలిచినప్పుడు చూపులు రెండును ఒకే వాల్వుమీద నుండును. అప్పుడు మాటలు తమంతట తామే వచ్చును. రాకపోయినను కొరత తోపదు. పనియే మాటలాడుచుండును.

బండి కూర్పు ముగిసినది. తండ్రి స్వయముగా నడిపి చూచెను. ఆ నడక ఆయనకు భయము గొలిపెను. తేలికయైన బండి, చురుకైన ఇంజను. బ్రేకులా, ఆస్టిన్ సెవెన్ బండ్లకు పుట్టుకనుండి బలహీనములు. అమ్మివేయుట మేలని ఆయనకు తోచెను. కొడుకు అందులకు ఒప్పుకొనలేదు. తుదకు తండ్రియే మెత్తబడెను. ఇంటి పెరటిలో పండ్లచెట్ల నడుమ ఎనిమిది అంకె ఆకారమున బాట ఏర్పరచుకొని, ఆ బాటమీద బాలుడు బండిని మలుపుట అభ్యసించెను. 1952లో మురివై తీరమున జరిగిన కొండయెక్కు పందెమున బ్రూస్ మెక్లారెన్ ఆ బండితోనే తొలిసారి పోటీకి దిగెను. కుంటికాలు అచట అడ్డురాలేదు.

తరువాతి కథ లోకమెరిగినదే. 1958లో అతడు యూరపునకు వెడలెను. 1959 డిసెంబరు 12న అమెరికాలోని సెబ్రింగులో గ్రాండ్ ప్రీ పందెము గెలుచునప్పటికి అతనికి 22 ఏండ్ల 104 దినములు. అంతకంటె పిన్నవయసున గ్రాండ్ ప్రీ గెలిచినవాడు 2003 వరకు రాలేదు. 1963లో తన పేర పందెపు సంస్థను స్థాపించెను. 1966లో క్రిస్ ఏమన్‌తో కలిసి లె మాన్స్ ఇరువదినాలుగు గంటల పందెమును గెలిచెను. 1968లో బెల్జియమున, తన పేరుగల కారునే తాను నడిపి గ్రాండ్ ప్రీ జయించెను. నట్టులను వరుసగా పేర్చుట నేర్చిన బాలుడు కార్లను నిర్మించువాడయ్యెను.

1970 జూన్ 2న ఇంగ్లండులోని గుడ్‌వుడ్ బాటమీద తన సంస్థవారి క్రొత్తబండిని పరీక్షించుచుండగా, వెనుకభాగపు పైకప్పు ఊడి కారు అదుపు తప్పెను. బ్రూస్ ప్రాణము విడిచెను. అప్పటికి వయస్సు 32 ఏండ్లు.

ఇచట చదువరి మనస్సున ఒక ప్రశ్న మెదలక మానదు. తొలినాడు భయపడిన తండ్రి ఆ బండిని అమ్మివేసియే యుండినచో? కొడుకు ముదిమి చూచియుండునేమో. కాని రెండేండ్లు మంచమున పడియుండిన బాలునకు ఆ బండి మరల ఒక లోకమును చూపినమాట కూడ నిజమే. ఈ లెక్క తేల్చుట ఎవరితరము?

తేల్చలేని ఈ లెక్క ఉత్తరాంధ్ర తీరమువారికి క్రొత్తది కాదు. శ్రీకాకుళపు జిల్లాలోని బారువ, భావనపాడు, కళింగపట్నము తీరములందును, విజయనగరపు జిల్లాలోని పూసపాటిరేగ, భోగాపురము మండలముల పల్లెలందును తరతరములుగా తండ్రులు దీనిని మోయుచునే యున్నారు. నిన్నమొన్నటివరకు వారి వాహనము తెప్ప. తేలికకొయ్య దుంగలను త్రాళ్లతో బిగించి కట్టినదే తెప్ప. నీరు పీల్చిన కొయ్య బరువెక్కును గనుక, వేటనుండి వచ్చినతోడనే కట్లు విప్పి దుంగలను ఇసుకమీద ఆరబెట్టుదురు. వేటకు పోవునప్పుడు మరల కట్టుదురు. అనగా వేటవేటకును తెప్ప ముక్కలగును. వేటవేటకును తండ్రియు కొడుకును దానిని కూర్తురు. ముడి ఎంత బిగింపవలెనో అచటను చేయియే చేతికి నేర్పవలెను. ఏ ముడి వదలినను కడలి క్షమింపదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ తీరమును ఎట్లు ఊడ్చినదో చూచిన తండ్రికి సముద్రపు స్వభావము తెలియనిది కాదు. అయినను కొడుకు చేతికి తెడ్డునిచ్చును.

ఆ తెప్పల స్థానమున నేడు ఫైబరు పడవలు వచ్చినవి. వాటికి విప్పి కట్టవలసిన కట్లు లేవు. వేట గిట్టుబాటుకాక శ్రీకాకుళ తీరపు యువకులు పలువురు గుజరాతులోని వేరావల్ రేవునకు పోయి, పరుల పడవలలో కూలికి కుదురుచున్నారు. వలస మిగిల్చిన లోటు కూలిలెక్కలలో కనబడదు. తండ్రి ప్రక్కన ఒడ్డున కూర్చుండి ముడివేయు గడియ ఒకటి ఆ పల్లెల దినచర్యనుండి జారిపోవుచున్నది.

ఊళ్లలోని మోటారుషెడ్ల స్థితియు అంతకు భిన్నము కాదు. అల్స్టర్ వంటి పందెపు కారు ఇచటి ఇండ్లలో దొరకదు. దొరకునవి 2014లో ఉత్పత్తి నిలిచిన అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినీలు, మైసూరు కర్మాగారపు జావా, యెజ్డీ మోటారుసైకిళ్లు. సముద్రపు గాలి తగులు ఊళ్లలో వాటిని మొదట తినునది తుప్పు. తలుపుల అడుగున, కాలిపట్టాల క్రింద, నీరు నిలుచుచోట అది ప్రారంభమగును. అయినను ఇవి విప్పదగిన బండ్లు. కార్బురేటరు కంటికి కనబడును. కలుపు చేతికి అందును. నేటి కారులో ఇంధనపు పాలును, నిప్పు రవ్వ పడు క్షణమును కంప్యూటరు నిర్ణయించును. లోపమును మరియొక యంత్రము చదివి చెప్పవలెను. తండ్రికే అంతుపట్టని పెట్టెలో కొడుకునకు చూపవలసినది ఏమి మిగులును?

చట్టము పాత బండ్లయెడ కొంత ఆదరము చూపినది. ఏబదియేండ్లు దాటి, మూలరూపము చెడక నిలిచిన సొంతవాహనములను ప్రాచీనవాహనములుగా నమోదు చేయుటకు కేంద్రప్రభుత్వము 2021లో నియమములను ప్రకటించినది. క్రొత్త నమోదునకు రుసుము 20,000 రూపాయలు. నిత్యవ్యవహారమునకును వ్యాపారమునకును వాటిని వాడరాదు. చక్రము పట్టు విషయమున మాత్రము చట్టము కఠినము. పదునెనిమిదేండ్లు నిండనివాడు కారు నడపరాదు. నడపి నేరము చేసినచో, 2019 నాటి సవరణను అనుసరించి తండ్రికి మూడేండ్లవరకు కారాగారమును, 25,000 రూపాయల జరిమానాయు పడవచ్చును. ఇది మేలే. స్పానరునకు వయోనియమము లేదు గదా! పదునాలుగవ యేట షెడ్డులో అడుగిడిన పిల్లవానికి నాలుగేండ్ల వ్యవధి దొరకును. తన చేతులతో బ్రేకులు కూర్చినవాడు వేగముయొక్క వెల ఎరిగి చక్రము పట్టును.

బ్రూస్ తొలిసారి పందెమునకు నడపిన ఆ అల్స్టరును మెక్లారెన్ సంస్థవారు భద్రపరచుకొనియున్నారు. ఆ సంస్థ నిర్మించు మహావేగపు కార్ల ముందు అది పిల్లల ఆటబొమ్మవలె కనబడును. ఆ సంస్థ కథ మాత్రము ఆ బొమ్మనుండియే మొదలు.

కోడి రామమూర్తి రెండు కార్లను గొలుసులతో బిగబట్టి నిలిపెను. అది భీమబలము. తన చేతులతో కూర్చిన బండిలో కొడుకును కూర్చుండబెట్టి, గొలుసు వదలి, వాకిట నిలుచు తండ్రికి కావలసిన బలము అంతకంటె తక్కువది కాదు.