గోడలు నేర్పే పాఠం

శ్రీకాకుళం, విజయనగరం వైపు నుండి జాతీయ రహదారి మీద వచ్చేవారికి విశాఖపట్నపు ముఖద్వారం ఆనందపురం. ఆ కూడలి దాటి మధురవాడ మీదుగా నగరంలోకి సాగేకొద్దీ గోడలు రంగులు దాల్చి కనిపిస్తాయి. ఒకచోట అరకు గిరిజనుల థింసా నృత్యం, మరొకచోట ఓడలు, చేపలు, ఇంకొకచోట పరిశుభ్రతా సందేశం. బస్సు కిటికీ పక్కన కూర్చున్న పిల్లలు వాటిని చూస్తారు, ప్రశ్నలు వేస్తారు. పెద్దలు వారికి ఏమని చెప్పాలి?

ప్రాణుల బొమ్మలు గీయడాన్ని ధర్మపండితులలో అత్యధికులు అభ్యంతరకరంగానే పరిగణించారు. అయితే చిత్రకళకు ద్వారాలన్నీ మూసివేయబడలేదు. చిత్రాలు గీసి జీవించే ఒక వ్యక్తి తన వద్దకు వచ్చినప్పుడు, చెట్లను, ప్రాణం లేని వస్తువులను చిత్రించుకోమని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) సలహా ఇచ్చారు. ముస్లిం కళాకారులు తమ నైపుణ్యాన్ని అక్షరం వైపు మళ్లించారు. గోల్కొండ చెంతనున్న కుతుబ్ షాహీ సమాధుల మీద నస్ఖ్, సులుస్ లిపుల సొగసు నేటికీ చూడవచ్చు.

ఆ ఖత్తాతీ నేడు వీధి గోడల మీదకు వచ్చింది. ఫ్రాన్స్‌లో జన్మించిన ట్యునీషియా సంతతి కళాకారుడు ఎల్ సీడ్ 2012లో ట్యునీషియాలోని గాబెస్ పట్టణంలో ఒక మస్జిదు మినారు మీద సూరె హుజురాత్ 13వ ఆయతును చిత్రించాడు. మానవులు జాతులుగా, తెగలుగా చేయబడింది పరస్పర పరిచయం కోసమేనని బోధించే ఆయతు అది. 2016లో అతడు కైరోలో చెత్త సేకరించి జీవించే క్రైస్తవుల పేటను ఎంచుకున్నాడు. దాదాపు 50 భవనాల మీద పరచుకున్న ఆ అరబీ రాత ముఖత్తమ్ కొండపై నుండి చూస్తేనే సంపూర్ణంగా కనిపిస్తుంది. నగరమంతా చిన్నచూపు చూసిన పేటను తలెత్తి చూసేలా చేసింది ఆ రాత.

మన హైదరాబాదులోనూ 2016లో ఖైరతాబాదు సమీపంలోని ఎం.ఎస్. మక్తా బస్తీ గోడల మీద కళాకారులు పెద్ద పెద్ద చిత్రాలు గీశారు. అంతవరకు ఆ సందులోకి తొంగిచూడని వారు కూడా వాటిని చూడటానికి వెళ్లారు.

అయితే రంగు ఒక్కటే చాలదు. గోడ మీద పూలతోట వేసి, దాని వెనుక మురుగు కాలువను అలాగే వదిలేస్తే అది అలంకారం కాదు, కప్పిపుచ్చడం. దారిలో బాధ కలిగించే వస్తువును తొలగించడం విశ్వాసంలో ఒక భాగమని దైవప్రవక్త (స) బోధించారు. జనం నడిచే దారిలో, నీడపట్టున మలమూత్ర విసర్జనను వారించారు. ఈ బోధను పాటించే వీధికి రంగు లేకపోయినా అందం ఉంటుంది.

కనుక ఈసారి ప్రయాణంలో పిల్లలకు మూడు విషయాలు నేర్పండి. గోడ మీద ఏముందో శ్రద్ధగా చూడమనండి. ఆ గోడ వెనుక ఎవరు నివసిస్తున్నారో అడిగి తెలుసుకోమనండి. ఆ గోడను ఉమ్మితోగాని, పోస్టరుతోగాని, పిచ్చిరాతతోగాని పాడు చేయవద్దని చెప్పండి. పరుల గోడ మనకు అమానతు. దానిని శుభ్రంగా ఉంచడం కూడా పొరుగువారి హక్కును నెరవేర్చడమే.