ఓడినోడికే తొలి వంతు

గెలిచే టీమ్‌ను తీసుకుని గెలవడంలో గొప్పేటుంది? ఓడిపోయే టీమ్‌ను తీసుకుని నిలబెట్టి చూడు, అప్పుడు తెలుస్తాది కష్టం. మా ఎస్.కోట వైపు కుర్రోళ్లు ఫోన్లలో తుపాకుల ఆటలు, క్రికెట్ ఆటలు బాగానే ఆడతారు. బాస్కెట్‌బాల్ ఆట ఆడేవాళ్లు మాత్రం తక్కువ. నేనూ అనుకోకుండానే అందులో పడ్డాను. ఆ ఆటలో నేర్చుకున్నది మన ఊరి టీమ్‌లకి కూడా పనికొస్తాదనే ఇది రాస్తున్నాను.

2025 సంక్రాంతికి మా ఊరి వాలీబాల్ టీమ్ మొదటి మ్యాచ్‌లోనే ఓడిపోయి ఇంటికొచ్చీసింది. వరసగా మూడో ఏడు. కెప్టెన్ని నేనే. ఊరోళ్ల ముఖం చూడలేక ఆ రాత్రి మా పెదనాన్న కొడుకు ఇంటికెళ్లాను. అన్నయ్య విశాఖలో పని చేస్తాడు, పండక్కి కంప్యూటర్ కూడా తెచ్చాడు. అందులో ఎన్‌బీఏ 2కే25 ఉంది.

"ఏ టీమ్ కావాల్రా?" అన్నాడు.

"అన్నిట్లోకీ దరిద్రంగా ఉన్నది ఏదన్నయ్యా?" అన్నాను.

నవ్వీసి డెట్రాయిట్ పిస్టన్స్ చూపించాడు. 2023-24లో ఆ టీమ్ 82 మ్యాచ్‌లు ఆడి 14 గెలిచింది, 68 ఓడింది. అందులో వరసగా 28 ఓటములు. ఒక్క సీజన్‌లో అన్ని వరస ఓటములు ఎన్‌బీఏలో ఇంకెవరికీ లేవు. మా ఊరి టీమ్ గుర్తొచ్చి, అదే తీసుకున్నాను.

తెలియనోళ్లకి ముందు ఆట సంగతి చెప్తాను. ఇందులో బంతి ఒక్కటే కాదు, మొత్తం టీమ్ యవ్వారం నీ చేతిలో పెట్టే పద్ధతి ఒకటుంది. ఆటగాళ్లను కొనడం, మార్చుకోవడం, జీతాలు, కోచ్, ఎవరు ఎన్ని నిమిషాలు ఆడాలి, అన్నీ నీవే. మ్యాచ్ నువ్వే ఆడొచ్చు, కంప్యూటర్‌కి వదిలీసి ఫలితం చూసుకోవచ్చు. ఏళ్లకేళ్లు నడపొచ్చు. ప్రతి ఆటగాడికీ ఈ రోజు ఎంత ఆడగలడో చెప్పే మార్కు ఒకటుంటాది, ముందు ముందు ఎంత ఎదగగలడో చెప్పేది ఇంకోటి. కొత్తోళ్లందరూ మొదటిదే చూస్తారు. నేనూ అదే చూశాను.

ఏటి చేశానంటే, ఇరవై, ఇరవై ఒకటి ఏళ్ల కుర్రోళ్లను ఇచ్చీసి ముప్పై మూడేళ్ల పేరున్నోళ్లను తెచ్చాను. మొదటి ఏడు కాస్త బాగానే గెలిచాం. రెండో ఏడుకి ఒకడి మోకాలు పోయింది, ఇంకొకడికి వయసు మీద పడింది. జీతాలు మాత్రం ఇంకో రెండేళ్లు కట్టాలి.

ఇక్కడే జీతాల పరిమితి అనే గొడవ ఉన్నాది. ఎన్‌బీఏలో ఏ టీమ్ అయినా డబ్బుందని ఎంతమందిని పడితే అంతమందిని కొనీడానికి కుదరదు. 2024-25లో ఆ పరిమితి సుమారు 14 కోట్ల 6 లక్షల డాలర్లు. దాటడానికి కొన్ని దారులున్నాయి గానీ, దాటినకొద్దీ పన్నులు, ఆంక్షలు. అంటే, అప్పు చేసి పెళ్లి ఘనంగా చేసీసి, తర్వాత పొలానికి ఎరువు కొనలేకపోయినోడి పరిస్థితి నాది. మూడో ఏడుకి నా పిస్టన్స్ మళ్లీ అట్టడుగునే. కుర్రోళ్లూ లేరు.

మళ్లీ మొదట్నుంచి పెట్టాను. ఈసారి నియమాలు చదివి దిగాను.

ఆ నియమాల్లో నాకు బాగా నచ్చింది డ్రాఫ్ట్. ఏటా కొత్తగా వచ్చే కుర్రోళ్లను టీమ్‌లు వంతులవారీగా ఎంచుకుంటాయి. ముందు వంతులు గెలిచినోడికి కాదు, ఓడినోళ్లకి. 2025లో ప్లేఆఫ్స్‌కి వెళ్లని 14 టీమ్‌ల మధ్య లాటరీ తీసారు. అప్పుడు అందరికంటే వెనకున్న మూడు టీమ్‌లకీ మొదటి వంతు దక్కే అవకాశం నూటికి 14 చొప్పున ఉండీది. 2019కి ముందు ఆఖరి టీమ్ ఒక్కదానికే 25 ఉండీది. మొదటి వంతు కోసం కావాలని ఓడిపోతున్నారనే తగ్గించారు.

కావాలని ఓడడం ఆటలో చాలా తేలిక. బాగా ఆడేవాడిని కూర్చోబెడితే చాలు. కానీ ఫిలడెల్ఫియా కథ చూడండి. 2013 నుంచి 2016 దాకా మూడు సీజన్లలో ఆ టీమ్ 246 మ్యాచ్‌లు ఆడి 47 గెలిచింది. ఎంబీడ్ లాంటి మొనగాడు దొరికాడు, 2016లో మొదటి వంతు కూడా దొరికింది. అయినా 2025 దాకా ఒక్కసారీ సెమీఫైనల్ గడప తొక్కలేదు. వంతు దొరకడం వేరు, టీమ్ కట్టడం వేరు.

పిస్టన్స్‌కి ఆ అదృష్టమూ లేదు. 2023లో, 2024లో రెండుసార్లూ అట్టడుగునే ఉండి, రెండుసార్లూ లాటరీలో ఐదో వంతుకి జారిపోయారు. మరి ఎలా లేచారు? 2021లో మొదటి వంతులో తెచ్చుకున్న కేడ్ కనింగ్‌హామ్‌ను అన్ని ఓటముల్లోనూ వదలలేదు. కోచ్‌ను మార్చారు. టోబియాస్ హారిస్ లాంటి ముప్పై దాటిన అనుభవజ్ఞులను తెచ్చారు, కుర్రోళ్ల స్థానంలో కాదు, కుర్రోళ్ల పక్కన. మరుసటి ఏడే 14 గెలుపులు 44 అయ్యాయి. నేను కంప్యూటర్‌లో కిందా మీదా పడుతున్న నెలల్లోనే వాళ్లు నిజంగా చేసీసారు.

ఓక్లహామా సిటీ ఇంకా ఓపిక పట్టింది. 2019లో పాల్ జార్జ్‌ను ఇచ్చీసి, బదులుగా షాయ్ గిల్జస్ అలెగ్జాండర్ అనే కుర్రోడిని, బోలెడు డ్రాఫ్ట్ వంతులను తీసుకుంది. 2021-22లో గెలిచింది 24 మ్యాచ్‌లే. ఆ మార్పిడిలో వచ్చిన ఒక వంతుతోనే 2022లో జేలెన్ విలియమ్స్‌ను తెచ్చుకుంది, అదీ పన్నెండో వంతులో. 2024-25లో 68 గెలిచి కప్పు కొట్టింది. అంటే, ఆరేళ్లు పట్టింది.

నా ఆటలో ఇదంతా పెట్టి చూశాను. ఎదిగే మార్కు బాగున్న ముగ్గురు కుర్రోళ్లను ఎవరడిగినా ఇవ్వలేదు. వయసైనోళ్లకి పొడుగు ఒప్పందాలు రాయలేదు. జీతాల కింద జాగా మిగిలితే, వేరే టీమ్‌లు వదిలించుకోవాలనుకునే ఖరీదు ఆటగాడిని తీసుకుని, దాంతో పాటు ఒక డ్రాఫ్ట్ వంతు అడిగాను. ఓడిపోయే మ్యాచ్‌లోనూ కుర్రోళ్లకి ముప్పై నిమిషాలు తగ్గకుండా ఇచ్చాను. నాలుగో ఏడుకి ప్లేఆఫ్స్ చేరాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సంతోషం వల్ల కాదు.

మా చిన్నాన్న కొడుకు ఒకడున్నాడు. అప్పటికి పదిహేడేళ్లు. ఎగిరి కొడితే బంతి నేలకి అతుక్కుపోయీది. రోజూ సాయంత్రం అందరికంటే ముందొచ్చి నెట్ కట్టీవాడు. 2025 సంక్రాంతికి ఊరి పెద్ద ఒకాయన ఖర్చంతా పెట్టుకుంటానన్నాడు. విశాఖ నుంచి ఇద్దరు గెస్ట్ ప్లేయర్లను డబ్బిచ్చి తెద్దాం, మా మేనల్లుణ్ని కూడా ఆడించండి అన్నాడు. నేను ఎదురు చెప్పలేదు. తమ్ముడిని కూర్చోబెట్టింది నేనే. ఎలాగూ ఓడిపోయాం. గెస్టులు డబ్బు తీసుకుని ఆ సాయంత్రమే బస్సెక్కీసారు. తమ్ముడు నెల తిరక్కుండా హైదరాబాద్‌లో పనికి వెళ్లిపోయాడు.

ఖర్చు పెట్టినోడే టీమ్‌ను నడపడం మన జిల్లాకి కొత్తేం కాదు. 1936లో ఇంగ్లండ్ వెళ్లిన భారత క్రికెట్ జట్టుకి కెప్టెన్ మన విజయనగరం రాజకుమారుడు విజ్జీ. హోదాతో కెప్టెన్సీ వచ్చింది. బాగా ఆడుతున్న లాలా అమర్‌నాథ్‌ను మొదటి టెస్టు కాకముందే ఓడెక్కించి ఇంటికి పంపించీసారు. మూడు టెస్టుల్లో రెండు ఓడారు. ఆ మూడింట్లో కలిపి విజ్జీ కొట్టినవి 33 పరుగులు. ఆ పేరు చెప్పి నవ్వుకుంటాం గానీ, నేను చేసిందీ అదే కాదేటి?

2026 సంక్రాంతికి ముందు రామమందిరం కాడ మీటింగ్ పెట్టినప్పుడు లేచి చెప్పాను. "గెస్టులొద్దు బావూ. మన గుంటలే ఆడతారు. ఓడిపోతే ఓడిపోతాం. రెండేళ్లు ఆగండి."

"రెండేళ్లు ఓడిపోడానికి నీకు ఎంట్రీ ఫీజు ఎవడు కడతాడ్రా?" అన్నారు ఒకాయన. అదీ నిజమే. తలా కొంత వేసుకుని కట్టుకున్నాం. పదహారేళ్లోళ్లు ఇద్దరిని ఆడించాం. పాత లిఫ్టర్ ఒకాయన, నలభై దాటాయి, ఆయన్ని బతిమాలి వాళ్ల పక్కన నిలబెట్టాం. మొదటి మ్యాచ్ గెలిచాం, రెండోది ఓడిపోయాం. మర్నాడు సాయంత్రం గ్రౌండ్‌కి పదకొండు మంది గుంటలు వచ్చారు. అంతకుముందు ఐదుగురు వస్తే గొప్ప.

ఎన్‌బీఏలో ఓడినోడికి తొలి వంతు అనే నియమం ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఎప్పుడూ ఒక్కడే గెలిస్తే ఆట చచ్చిపోతాదని కూర్చుని రాసుకున్నారు. మన ఊళ్లో అలాంటి నియమం ఎవరూ రాసిపెట్టలేదు. మనమే రాసుకోవాలి. టీమ్‌లో సగం మంది పద్దెనిమిది లోపు ఊరి పిల్లలే ఉండాలని, డబ్బిచ్చినోడు డబ్బే ఇవ్వాలి గానీ పేర్లు ఇవ్వకూడదని, మీ టీమ్ పుస్తకంలో మొదటి పేజీ మీద రాసీండి.

ఆటలో తప్పు చేస్తే మళ్లీ మొదట్నుంచి మొదలెట్టొచ్చు. నేను అలాగే చేశాను. కానీ మా తమ్ముడి విషయంలో ఆ బటన్ లేదు. మొన్న ఫోన్ చేసి, "పండక్కి వస్తే ఆడతావేట్రా?" అని అడిగాను. కాసేపు మాటాడలేదు. "సెలవిస్తే సూద్దారి అన్నయ్యా" అన్నాడు.

నెట్ మాత్రం ఇప్పుడు రోజూ నేనే కడుతున్నాను.