ఒకసారి కనిపించి, మరోసారి మాయమయ్యే లోపం

దారిలో ఇంజన్ లైటు వెలిగింది; మీ షెడ్డుకు వచ్చేసరికి ఆరిపోయింది. ఇటువంటి కారు వచ్చినప్పుడు చాలామంది స్కానర్ చూపిన కోడ్‌ను బట్టి సెన్సార్ మార్చేస్తారు. తొందరపడకండి. కోడ్ తెలిపేది ఏ సర్క్యూట్‌లో తేడా ఉన్నదో మాత్రమే.

కూలెంట్ ఉష్ణోగ్రత సెన్సార్‌ను ఉదాహరణగా తీసుకుందాం. ఇది వేడెక్కే కొద్దీ నిరోధం తగ్గే థర్మిస్టర్. సాధారణంగా 20 డిగ్రీల సెల్సియస్ వద్ద రెండు మూడు వేల ఓములు, 80 డిగ్రీల వద్ద సుమారు 300 ఓములు ఉంటుంది. తీగ తెగినా, కనెక్టర్‌లో పిన్ను వదులైనా కరెంటు పారదు. అప్పుడు కంప్యూటర్ ఇంజన్ గడ్డకట్టేంత చల్లగా ఉన్నదనుకొంటుంది. స్కానర్‌లో దాదాపు -40 డిగ్రీలు కనిపిస్తుంది. విజయవాడ ఎండలో -40 డిగ్రీలా!

ఇగ్నిషన్ ఆన్ చేసి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా, స్కానర్ రీడింగ్‌ను గమనిస్తూ సెన్సార్ దగ్గర నుండి తీగల కట్టను కొద్దికొద్దిగా కదపండి. రీడింగ్ ఎక్కడ ఎగిరిందో అక్కడే వెతకాలి. జాగ్రత్త, ఆ క్షణంలో రేడియేటర్ ఫ్యాను దానంతటదే తిరగవచ్చు. చేయి దూరంగా ఉంచండి.

ఏమీ మారకపోతే ఇంజన్ బాగా వేడెక్కాక మళ్ళీ చూడండి. కొన్ని లోపాలు వేడిలోనే బయటపడతాయి. కనెక్టర్ విప్పి పచ్చని తుప్పు ఉన్నదేమో పరిశీలించండి. తీగ తొడుగును సూదితో పొడవకండి. ఆ రంధ్రం గుండా నీరు చేరుతుంది. మీటరు ముల్లును పిన్ను గూటిలోకి బలవంతంగా దూర్చితే అది వెడల్పై, మీరే కొత్త లోపం తెచ్చినట్లవుతుంది.

రీడింగ్ కిందికి కాక, ఒక్కసారిగా 100 డిగ్రీలు దాటి పైకి ఎగిరితే? రెండు తీగలు ఒరుసుకొని ఒకదానికొకటి తగులుతున్నాయేమో చూడండి.