చార్జి కాని ల్యాప్‌టాప్ బ్యాటరీ

పూర్వము విద్యార్థికి పలకయు బలపమును ఎంత యావశ్యకములో, నేడు పలువురికి ల్యాప్‌టాప్ అంత యావశ్యకమైనది. పలక పగిలినచో కన్నులకు కానవచ్చును. ల్యాప్‌టాప్ బ్యాటరీ చార్జి కానిచో లోపమెక్కడ నున్నదో కానరాదు. అందుచేత భయమును, భయముచేత అనవసర వ్యయమును కలుగుచున్నవి. ఈ విషయమున మేము నేర్చుకొన్న కొన్ని సంగతులను తోడి విద్యార్థుల యుపయోగార్థమై యిచట వ్రాయుచున్నాము.

మా వసతిగృహమునందలి యొక మిత్రుని ల్యాప్‌టాప్ పరీక్షలు సమీపించిన దినములలో చార్జి కాకుండెను. అడాప్టరు తగిలించినంతసేపు యంత్రము పనిచేయుచుండెను గాని బ్యాటరీ శాతము మాత్రము పెరుగకుండెను. బజారులో నొక మరమ్మతుదారుడు పైపైన చూచి, మదర్‌బోర్డు చెడినదనియు, దానిని మార్పవలెననియు చెప్పెను. అంతటి సొమ్మును మిత్రుని తండ్రిగారు పంట యమ్మిన పిమ్మట గాని పంపజాలరు. మిత్రుడు మిక్కిలి దిగులుపడెను. "ఒక్క దినమాగుము, మొదటినుండి పరీక్షించి చూతము" అని మేమంటిమి.

ముందుగా బ్యాటరీ యన నేమో తెలియవలెను. నేటి ల్యాప్‌టాపులలో నుండునవి లిథియం అయాన్ బ్యాటరీలు. ఇవి 1991లో మొదట విక్రయమునకు వచ్చెను. వీని నిర్మాణమునకు పునాది వేసిన జాన్ గుడెనఫ్, స్టాన్లీ విట్టింగ్‌హామ్, అకీరా యోషినో యనువారలకు 2019లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమాన మొసగబడెను. చార్జి చేయునపుడు లిథియం అయానులు ధనధ్రువమును విడిచి, ఋణధ్రువమగు గ్రాఫైటు పొరల నడుమ చేరును. వాడునపుడు మరలి వచ్చును. ఒక్కొక్క ఘటము నిండినప్పుడు సుమారు 4.2 వోల్టులుండును, కొన్నింట మఱికొంత యధికము. మితిమీరి నింపుట యపాయకరము గనుక బ్యాటరీలోనే యొక చిన్న రక్షకవలయము కావలి కాయుచుండును. కావున చార్జి కాకుండుట ప్రతిసారియు చెడిపోవుట గాదు. ఒక్కొక్కప్పుడు ఆ కావలివాడు తన పని తాను చేయుటయే.

మేము మొట్టమొదట గోడలోని సాకెట్టుకు బల్లదీపము తగిలించి చూచితిమి, దీపము వెలిగెను. పిమ్మట అడాప్టరు తీగ రెండు కొనలను ఊడదీసి మరల గట్టిగా నొక్కితిమి. తీగ యెచ్చటను తెగలేదు, కాలిన వాసనయు లేదు. అటుపై యంత్రమును పూర్తిగా నాపి గంటసేపు చార్జికి పెట్టగా శాతము కొంచెము పెరిగెను! దీనిచేత బ్యాటరీయు మదర్‌బోర్డును తమ పనిని చేయగలవనియు, వచ్చెడు విద్యుచ్ఛక్తియే చాలుట లేదనియు మాకు తోచెను.

అప్పుడు అడాప్టరుమీది యంకెలను చదివితిమి. 19.5 వోల్టులు, 2.31 ఆంపియర్లు అని యుండెను. ఈ రెంటిని గుణించినచో 45 వాట్లు వచ్చును. యంత్రము అడుగున మాత్రము 19.5 వోల్టులు, 3.34 ఆంపియర్లు, అనగా 65 వాట్లు కావలెనని ముద్రింపబడి యుండెను. విచారింపగా సంగతి బయటపడెను. చదువుకొను గదిలో నొకే బల్లకడ కూర్చుండు ఇరువురి అడాప్టరులు తారుమారైనవి! రెంటి రంగును ఆకారమును ఒక్కటే. ఆ రెండవవాని యంత్రమునకు 45 వాట్లే చాలును గనుక అతనికి ఏ లోటును తెలియలేదు. ఎవరి అడాప్టరు వారికి చేరిన వెంటనే మిత్రుని బ్యాటరీ చార్జి కాసాగెను. ఒక్క కాసైనను వ్యయము కాలేదు.

దీనినిబట్టి యొక నియమమును జ్ఞాపకముంచుకొనవలెను. మామూలు గుండ్రని ప్లగ్గు గల అడాప్టరు వోల్టులు యంత్రమునకు సరిసమానముగా నుండవలెను. ఆంపియర్లు సమానముగానో అధికముగానో యుండవచ్చును, తక్కువ కారాదు. యు.ఎస్.బి. టైప్-సి అడాప్టరులు ఎన్ని వోల్టులు కావలెనో యంత్రముతో తామే నిర్ణయించుకొనును. ఐనను ఫోను చార్జరు శక్తి ల్యాప్‌టాపునకు తరచుగా చాలదు. కొన్ని గుండ్రని ప్లగ్గుల నడుమ సన్నని సూది యుండును. అడాప్టరు శక్తి యెంతయో యంత్రమునకు తెలుపునది యదియే. అది వంగినను విరిగినను యంత్రము నడచును గాని బ్యాటరీ చార్జి కాకపోవచ్చును.

శాతము 60 లేక 80 కడ నిలిచిపోయినచో భయపడ నక్కఱలేదు. బ్యాటరీ ఆయుర్దాయము పెరుగుటకై యట్లు నిలుపు ఏర్పాటు పెక్కు యంత్రములలో గలదు. సెట్టింగులలో దానిని మార్చుకొనవచ్చును. మన వేసవి యెండలలో, అందులోను పరుపుమీద నుంచి వాడునపుడు, బ్యాటరీ వేడెక్కి చార్జి నిలిచిపోవుటయు కద్దు. చల్లారిన పిమ్మట అది తిరిగి సాగును.

ఇవన్నియు సరిగా నున్నచో బ్యాటరీ ముసలిదైనదేమో చూడవలెను. విండోస్ యంత్రములలో బ్యాటరీ రిపోర్టు అను పట్టికను పొందవచ్చును. అందు తయారైననాటి సామర్థ్యమును, ఇప్పటి సామర్థ్యమును ఉండును. మొదట 40,000 మిల్లీవాట్ గంటలున్నది ఇప్పుడు 20,000 అయినచో సగము ఆయువు తీరినట్లే. అట్టిదానిని మార్చుటయే మేలు.

ఒక్క హెచ్చరిక. టచ్‌ప్యాడు పైకి లేచినను, మూత సరిగా పడకున్నను, అడుగుభాగము ఉబ్బినను, బ్యాటరీలో వాయువు చేరినదని గ్రహించి వెంటనే వాడుట మానవలెను. దానిని చార్జి చేయరాదు, నొక్కరాదు, పొడువరాదు, అగ్ని పుట్టవచ్చును. పెద్దలకు చెప్పి తెలిసిన పనివానిచేత తీయింపవలెను. చెత్తకుండీలో వేయరాదు. 2022 సంవత్సరపు బ్యాటరీ వ్యర్థముల నిబంధనలనుబట్టి వాడిన బ్యాటరీలను సేకరింపజేయు బాధ్యత ఉత్పత్తిదారులపై నున్నది. అట్లే అడాప్టరును ఎన్నడును విప్పరాదు. ప్లగ్గు తీసిన పిమ్మటను దానిలోపల ప్రమాదకరమగు విద్యుత్తు కొంతసేపు నిలిచియుండవచ్చును.

వేసవి సెలవులకు ఇండ్లకు పోవునపుడు ల్యాప్‌టాపును ఇచ్చటనే విడిచిపోవువారు సుమారు సగము చార్జితో ఆపి చల్లని చోట నుంచవలెను. పూర్తిగా అయిపోయిన బ్యాటరీని నెలలతరబడి విడిచినచో రక్షకవలయము దానిని మరల చార్జి కానీయకపోవచ్చును. మఱియు ప్రతివారును తమ అడాప్టరుపై పేరు వ్రాసిన చీటీ నొకదానిని అంటించుకొనుడని ప్రార్థించుచున్నాము. మా బల్లకడ నిప్పుడు అన్నిటికిని చీటీలు గలవు.