పల్నాటి ఖైదీలు - చెఱసాల సాహిత్యము: ఒక పరిశీలన

తెలుగున చెఱసాల సాహిత్యమను శాఖను గుర్తించి బోధించుట చాలకాలముగా జరుగుచున్నది. ఆ బోధనలో సామాన్యముగా అడుగని ప్రశ్న ఒకటి కలదు. చెఱలో కలమును కాగితమును ఎవరికి లభించెను? ఎవరికి లభింపలేదు? ఖైదీ ఎంత హీనమైన స్థితిలో ఉంచబడెనో, అతడు మిగిల్చిన వ్రాతపూర్వక సాక్ష్యము అంత స్వల్పమని ఈ వ్యాసమున ప్రతిపాదింపబడుచున్నది. పల్నాటి అటవీ సత్యాగ్రహ చరిత్రమును, కృష్ణకు ఆవలి గట్టున సాగిన సైనికపాలన చరిత్రమును కలిపి చదివినచో ఈ విషయము విశదమగును.

గురజాల, మాచర్ల ప్రాంతములు మెట్టనేలలు. అచ్చటి రైతునకు పశువే ఆధారము, పశువునకు అడవియే ఆధారము. 1882 నాటి మద్రాసు అటవీచట్టము అడవులను రక్షిత ప్రాంతములుగ మార్చి, పశువుల మేతకు పుల్లరి విధించెను. వంటచెరకు, ఆకు, కంప తెచ్చుకొనుట సైతము నేరమయ్యెను. సహాయ నిరాకరణోద్యమము నడుచుచున్న 1921లో పల్నాటి రైతులు పుల్లరి చెల్లింపక పశువులను అడవికి తోలిరి. అటవీ ఉద్యోగులకు సాంఘిక బహిష్కారము విధించిరి. ప్రభుత్వము సాయుధ పోలీసులను పంపెను. 1922 ఫిబ్రవరిలో మించాలపాడు గ్రామస్థుడగు కన్నెగంటి హనుమంతు పోలీసు కాల్పులలో అసువులు బాసెను. పలువురు రైతులు జైళ్లకు పంపబడిరి. హనుమంతు పేరు చరిత్రమున నిలిచినది. జైళ్లకు పోయిన ఆ సామాన్యులు తమ అనుభవమును వ్రాసిన గ్రంథమేదియు మన సాహిత్య చరిత్రములలో కానరాదు.

అదే ఉద్యమ సందర్భమున నిర్బంధింపబడినవారిలో ఉన్నవ లక్ష్మీనారాయణగారు ఒకరు. వారు సత్తెనపల్లి ప్రాంతమున వేములూరుపాడున జన్మించిరి. ఐర్లండు వెళ్లి బారిస్టరైరి. 'మాలపల్లి'ని వారు రాయవేలూరు జైలులో రచించిరి. 1922లో వెలువడనారంభించిన ఈ నవలను మద్రాసు ప్రభుత్వము నిషేధించెను. 1937లో గాని దానికి సంపూర్ణ విముక్తి కలుగలేదు. చెఱలో ఉన్న నాయకుడు ఆత్మకథ వ్రాసుకొనుట సహజము. ఉన్నవవారు అట్లు చేయలేదు. ఒక మాలకుటుంబము భూమిని పోగొట్టుకొని, నేరస్థులను ఉంచు సెటిల్మెంటుపాలై, జైలుపాలగుటను వారు కథావస్తువుగ గ్రహించిరి. తమకు లభించిన కలమును, కలము లభింపని ఖైదీ పక్షమున వినియోగించిరి. ఈ దృష్టితో చూచినచో 'మాలపల్లి' సంఘసంస్కరణ నవల మాత్రమే కాదు. నోరులేని ఖైదీకి దొరికిన తొలి తెలుగు వాఙ్మూలములలో ఒకటి.

ఈ భేదమునకు మూలము జైలు నిబంధనలలో కలదు. 1894 నాటి కారాగార చట్టములో రాజకీయ ఖైదీ అను ప్రత్యేక వర్గము లేదు. అందుచేతనే 1908లో పత్రికారచనకై శిక్షింపబడిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు విద్యావంతులయ్యు రాయవేలూరు జైలున సామాన్య నేరస్థుల నడుమ శిక్ష అనుభవించిరి. 1929 సెప్టెంబరు 13న, 63 దినముల నిరాహారదీక్ష అనంతరము, జతీంద్రనాథ దాసు లాహోరు జైలులో మరణించెను. అటుపిమ్మట 1930లో ఎ, బి, సి తరగతులు ఏర్పడినవి. అయినను తరగతిని నిర్ణయించునది ఖైదీ ఆశయము కాదు. అతని చదువు, అంతస్తు, అలవాటుపడిన జీవనస్థాయి. పై రెండు తరగతులవారికి మెఱుగైన భోజనము, స్వంత దుస్తులు, పుస్తకములు, వ్రాతపరికరములు. సి తరగతివారికి జైలు సంకటి, ముతకబట్ట, గానుగ, రాళ్లు కొట్టుపని. ఒకే పతాకము క్రింద నడచిన ప్లీడరును పాలేరును జైలు ద్వారముకడ విడిపోయిరి.

ఇది న్యాయస్థానములు పనిచేయుచున్న కాలపు సంగతి. సైనికశాసనము వచ్చినచోట ఈ తరగతులు కూడ అర్థహీనములగును. పల్నాటి ఉద్యమము జరిగిన 1921లోనే అదే మద్రాసు రాజధానిలోని మలబారులో సైనికశాసనము అమలయ్యెను. నవంబరు 19న తిరూరునుండి బళ్లారి జైలునకు సుమారు 100 మంది ఖైదీలను మూసివేసిన రైలుపెట్టెలో పంపిరి. పోదనూరులో తలుపు తెఱచునప్పటికి అనేకులు ఊపిరాడక మరణించి యుండిరి. ఆ దుర్ఘటనలో మృతులు 60కి పైబడిరి. అన్నవస్త్రముల మాట అటుంచి, ఖైదీకి గాలియైనను అందవలెనను బాధ్యత ఎవరికిని లేకపోవుట ఇచ్చట గమనింపదగినది.

పల్నాటి సరిహద్దున కృష్ణ దాటినచో నల్లగొండ. 1948 సెప్టెంబరులో భారత సైన్యము హైదరాబాదు సంస్థానమున ప్రవేశించినది మొదలు 1949 చివరివఱకు మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి సైనిక గవర్నరుగ పాలించెను. నిజాము నిరంకుశత్వము, రజాకారుల దౌర్జన్యము అంతరించుట ప్రజలకు ఊరట. కాని భూమికై పోరాడిన రైతులకు ఆ ఊరట నిలువలేదు. 1948-51 నడుమ 10,000కు పైగా కార్యకర్తలు మూడు నాలుగేండ్లు నిర్బంధములో మ్రగ్గిరనియు, 50,000కు తగ్గని ప్రజలు పోలీసు, సైనిక శిబిరములలో హింసింపబడిరనియు పుచ్చలపల్లి సుందరయ్యగారు 1972 నాటి తమ గ్రంథమున వ్రాసిరి. ఇవి ఉద్యమ నాయకుడిచ్చిన అంకెలు గనుక ప్రభుత్వ పత్రములతో పోల్చి చూడవలెను. అయితే చిక్కు అచ్చటనే కలదు. జైలులో ఖైదీకి సంఖ్య, శిక్షాకాలము, విడుదల తేదీ ఉండును. విచారణలేక శిబిరమునకు తోలబడిన పల్లెవానికి ఇవి యేవియు లేవు. సైనిక ప్రభుత్వము నెలకొల్పిన ప్రత్యేక న్యాయస్థానములు కొందఱికి మరణశిక్ష విధింపగా, తమకు న్యాయవాది సహాయము లభింపలేదను వారి ఫిర్యాదు 1951లో సుప్రీంకోర్టు వఱకు పోయెను. అందుచే ఆ కొద్దిమంది పేర్లైనను మనకు తెలియును. శిబిరములవారి పేర్లు తెలియవు.

సాహిత్యము ఈ లోటును కొంత పూరించినది. నిజాము చెఱలో ఉన్న దాశరథి కాగితము లేక నిజామాబాదు జైలుగోడలపై బొగ్గుతో పద్యములు వ్రాసిరి. వారితోడనే ఉన్న వట్టికోట ఆళ్వారుస్వామి నల్లగొండ జిల్లావారు. సైనిక చర్య అనంతరము కూడ నిర్బంధము ననుభవించిరి. వారి 'జైలు లోపల' కథలలో సామాన్య ఖైదీలే ప్రధాన పాత్రలు. ఉన్నవవారు పట్టిన త్రోవయే ఇది.

కావున చెఱసాల సాహిత్యమును బోధించునపుడు రచయిత త్యాగమును కొనియాడుటతో ఆగరాదు. అతడే తరగతి ఖైదీ, ఎవరిని చూచెను, ఎవరి మాట వినిపించెను అని విచారింపవలెను. దుర్గి, మాచర్ల, గురజాల గ్రామములలో తాతల జైలుయాత్రలను చెప్పుకొను కుటుంబముల మాటలను, జైలు దస్తరములను ప్రక్కప్రక్కన ఉంచి పరిశీలించుట విద్యార్థులు చేపట్టదగిన పని. సంకటి తిని, రాళ్లు కొట్టి, మాటాడక వెడలిపోయినవారి చరిత్రమునకు అవియే మిగిలిన ఆధారములు.