మ్యాచ్ గెలిస్తే అటెండెన్స్ పోద్ది!

మొన్నామధ్య రాత్రి తొమ్మిదింటప్పుడు మా వీధి కుర్రోడు ఒకడు ఇంటికొచ్చాడు. డిగ్రీ రెండో సంవత్సరం. కాలేజీ ఫుట్‌బాల్ టీములో బ్యాక్ ఆడతాడు. చేతిలో ఒక కాయితం ఉంది.

"బాబాయ్, యూనివర్సిటీ టీముకి సెలెక్టయ్యాను. క్యాంపుకి రమ్మన్నారు. వెళ్తే అటెండెన్స్ పోద్ది, వెళ్లకపోతే టీములో చోటు పోద్ది. ఏం చేయమంటావు?" అన్నాడు.

సెలెక్టయిన సంతోషం వాడి మొహంలో ఎక్కడా లేదు. అప్పు కాయితం చేతిలో పెట్టుకున్నట్టు నిలబడ్డాడు. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. 1998లో ఇదే ప్రశ్న నా ముందుకీ వచ్చింది. అప్పుడు నాకు నేను చెప్పుకున్న జవాబు నా డిగ్రీని మింగేసింది. ఆ సంగతి తర్వాత చెప్తాను.

ఆటాడే పిల్లలు చదువుని ఎట్టా మేనేజ్ చేసుకుంటారని జనం అడుగుతుంటారు. పొద్దున్నే లేవాలి, టైమ్ టేబుల్ వేసుకోవాలి, ఫోన్ పక్కన పెట్టాలి అని సలహాలు కూడా ఇస్తారు. మంచివే. కానీ ఆ సలహాలన్నీ పాటించినోడు కూడా మన దగ్గర ఎందుకు మునిగిపోతున్నాడో తెలియాలంటే ముందు ఒక చిన్న లెక్క వేయాలి.

లెక్క ఇదీ

సెమిస్టరుకి 90 పని దినాలు. అందులో 75 శాతం హాజరు ఉండాలి. అంటే 68 రోజులు క్లాసులో కూర్చోవాలి. మిగిలేది 22 రోజులు. జొరమొచ్చినా, ఇంట్లో పెళ్లయినా, పొలంలో ఊడ్పులకి నాన్నకి సాయం పోయినా అన్నీ ఈ 22లోనే సర్దుకోవాలి.

ఇప్పుడు ఆట వైపు చూడండి. ముందు అంతర్ కళాశాల పోటీలు, సెలెక్షన్లు కలిపి ఒక నాలుగు రోజులు. సెలెక్టయితే క్యాంపు, అదో పన్నెండు రోజులు అనుకోండి. తర్వాత సౌత్ జోన్ అంతర్ విశ్వవిద్యాలయాల పోటీ. అది తమిళనాడులోనో కేరళలోనో పడితే రైల్లో పోయి రావడానికి రెండు రోజులు. అక్కడ ఆడేది వారం. మొత్తం 25. ఒక్క రోజు కూడా జబ్బు పడకపోయినా మనోడు గీత దాటేశాడు.

ఇక్కడ ఇంకో తమాషా ఉంది. మొదటి మ్యాచ్‌లోనే ఓడిపోతే వారంలో మూణ్ణాలుగు రోజులు మిగులుతాయి, గండం గట్టెక్కొచ్చు. గెలుచుకుంటా పోయి జోన్‌లో పైకొచ్చి ఆలిండియాకి క్వాలిఫై అయితే ఇంకో పది రోజులు పోతాయి. గెలిచినోడికే హాజరు తక్కువ! ఓడిపోయి ఇంటికొచ్చినోడు పరీక్ష రాస్తాడు, గెలిచినోడు కాళ్లావేళ్లా పడతాడు.

పోటీలు పెట్టే కాలం కూడా చూడండి. దసరా దాటినాక మొదలై జనవరి, ఫిబ్రవరి దాకా నడుస్తాయి. మన సెమిస్టరు మిడ్ పరీక్షలు, ఆఖరి పరీక్షలు కూడా ఎక్కువగా ఆ రోజుల్లోనే. పెళ్లి ముహూర్తం, చావు కబురు ఒకే రోజు వచ్చినట్టుంటది ఈ పిల్లల పరిస్థితి.

"మరి ఆటకెళ్తే ఓడీ ఇస్తారు కదా" అంటారు మీరు. ఓడీ అంటే ఆన్ డ్యూటీ, బయటికెళ్లినా క్లాసులో ఉన్నట్టే లెక్క. రూల్లో ఉంటది. నేను చూసినంతలో చిక్కు ఎక్కడొస్తదంటే, టోర్నమెంటు రోజులకి ఇచ్చినంత తేలిగ్గా క్యాంపు రోజులకి ఇవ్వరు. ప్రయాణం రోజులు ఎవరి లెక్కలోకీ రావు. పీడీ సారు లెటరు రాయాలి, ప్రిన్సిపాల్ సంతకం పెట్టాలి, అది డిపార్టుమెంటు హెడ్డు దగ్గరికి పోవాలి, అక్కణ్ణించి అటెండెన్స్ ఎక్కించే గుమాస్తా దాకా రావాలి. ఈ నాలుగు బల్లల్లో ఏ ఒక్క బల్ల మీద కాయితం ఆగినా పిల్లోడు ఆబ్సెంటే. పొద్దున ప్రాక్టీసు చేసి చెమటతో పరిగెత్తుకొచ్చేసరికి మొదటి పీరియడ్ అయిపోయి ఉంటది చూడండి, దానికైతే ఏ లెటరూ లేదు.

ఆరోగ్యంగా ఉన్నోడికి జబ్బు సర్టిఫికెట్

75కి తగ్గితే ఒక దారుంది. దాన్ని కండోనేషన్ అంటారు. మన జిల్లాల్లో ఇంజనీరింగ్ కాలేజీలు చాలావరకు కాకినాడ జేఎన్‌టీయూ కింద ఉంటాయి. ఆ నిబంధనల్లో 65కీ 75కీ మధ్య ఉన్నోళ్లని సరైన కారణం చూపిస్తే, ఫీజు కట్టించుకుని పరీక్షకి రానిస్తారు. సరైన కారణం అనంగానే అందరికీ గుర్తొచ్చేది డాక్టరు సర్టిఫికెట్. అందుకని ఏం జరుగుతున్నదో తెలుసా? కాలేజీ మొత్తంలో ఒంట్లో సత్తువ బాగా ఉన్న కుర్రోడు, తొంభై నిమిషాలు ఆగకుండా పరిగెత్తేవోడు, నాకు టైఫాయిడ్ వచ్చిందని కాయితం తెస్తాడు. కాలేజీ పేరు నిలబెట్టడానికి పోయినోడి చేత కాలేజీ కోసమే అబద్ధం ఆడిస్తన్నాం.

65 కూడా లేకపోతే డిటెయిన్. అక్కడితో అయిపోలేదు. ఫీజు రీయింబర్స్‌మెంటుకి కూడా 75 శాతమే గీత. డబ్బున్న ఇంటి పిల్లోడికి హాజరు తగ్గితే పరువు పోద్ది. కౌలు రైతు కొడుక్కి, ఆటో డ్రైవరు కూతురికి ఏకంగా ఫీజే మీద పడుద్ది. అప్పుడు ఇంట్లో ముందు ఆగేది ఆటే.

ఇంకో ముడి కూడా ఉంది. అంతర్ విశ్వవిద్యాలయాల పోటీల్లో ఆడాలంటే కాలేజీలో రెగ్యులర్ విద్యార్థిగా పేరుండాలి, పాతికేళ్లు దాటకూడదు. చదువు ఆగిపోయినోడు ఆ జట్టుకీ పనికిరాడు. అందుకని "నేను ఆటనే నమ్ముకుంటా, చదువు పోతే పోయింది" అనే కుర్రోళ్లకి నేను చెప్పేది ఒకటే. అట్టా అనమాకండి. రోల్స్‌లో పేరు పోయిన రోజే జెర్సీ కూడా పోద్ది.

నా సంగతి

మాది ఉయ్యూరు దగ్గర పల్లెటూరు. నాన్న కౌలు రైతు. నేను లెఫ్ట్ వింగ్ ఆడేవాణ్ణి. చెరువు గట్టు పక్కన బంజరులో నేర్చుకున్న ఆట. 1998లో యూనివర్సిటీ జట్టులోకి తీసుకున్నారు. ఆ రోజుల్లో కృష్ణా జిల్లా కాలేజీలన్నీ నాగార్జున యూనివర్సిటీ కిందే ఉండేవి. క్యాంపుకి పోయాను, ఆడాను, తిరిగొచ్చాను. ఓ గోలు కూడా కొట్టాను. దాన్ని తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తది.

తిరిగొచ్చాక హాజరు చాల్లేదని హాల్ టికెట్ ఇవ్వలా. ఆ కాలేజీ పేరు చెప్పను, ఆ మనుషులు చెడ్డోళ్లు కాదు. "లెటరు ముందే ఇచ్చి వెళ్లాలి గదరా" అన్నారు. నాకెవరూ ఆ మాట ముందు చెప్పలా. మళ్లీ ఏడాది ఫీజు కట్టే స్తోమత మా ఇంట్లో లేదు. బెజవాడొచ్చి జెరాక్సు షాపులో చేరాను. నా తర్వాతి చదువంతా ఆ షాపులో కాపీ తీసిన నోట్సులు, లెనిన్ సెంటర్లో సెకండ్ హ్యాండ్ పుస్తకాలు. అంచేత నా పేరు పక్కన డిగ్రీ ఉండదు.

ఆ జెరాక్సు షాపులోనే నాకు ఇంకో సంగతి అర్థమైంది. ఆటాడే పిల్లలు చదువుని నిజంగా ఎట్టా నెట్టుకొస్తారో కౌంటరు వెనకనుంచి చూశాను. క్లాసులో బాగా రాసే అమ్మాయి నోట్సు ఒకటి ఉంటది. అదే పది కాపీలు పోతది. పరీక్షకి వారం ముందు ఆల్ ఇన్ వన్ కొంటారు. రెండు సబ్జెక్టులు ఎట్టాగూ పోతాయని ముందే వదిలేసి మిగతావి చదువుతారు. అసలు కోర్సే హాజరు చూసి ఎంచుకుంటారు. సైన్సు చదవాలని ఉన్నా ల్యాబులుంటాయని బీఏలో చేరతారు. అంటే వాళ్లు మేనేజ్ చేయట్లేదని కాదు. మనం చూసి నేర్చుకోవాల్సినంత బాగా చేస్తన్నారు. కానీ ఆ తెలివంతా చదువుని తగ్గించుకోటానికే ఖర్చయిపోతంది.

ఆడపిల్లలకి ఇంకో గేటు ఎక్కువ. హాస్టల్ గేటు సాయంత్రం పడిపోతది. ప్రాక్టీసు అయ్యేది చీకటి పడ్డాక. కంకిపాడు, పామర్రు వైపు బస్సు పట్టుకుని ఇంటికి పోయే అమ్మాయికి అమ్మ వేసే మొదటి ప్రశ్న "ఇంతసేపు ఎక్కడున్నావే?" అనే.

అసలు రాలిపోయేది ఇంటర్లో

డిగ్రీ దాకా వచ్చి ఆడుతున్నోళ్లు అదృష్టవంతులే. మన బెజవాడ చుట్టుపక్కల ఆట రాలిపోయేది పదో తరగతి అయిన వేసవిలో. గూడవల్లి, నిడమానూరు, పోరంకి, గొల్లపూడి... ఎటు పోయినా రెసిడెన్షియల్ కాలేజీల బోర్డులే. పొద్దున చీకటితో మొదలైన స్టడీ అవరు రాత్రి దాకా నడుస్తది. చాలా క్యాంపసుల్లో పరిగెత్తటానికి చోటే ఉండదు, బిల్డింగూ, మెస్సూ, గేటూ అంతే. పదహారు నుంచి పద్దెనిమిదేళ్ల మధ్య ఆటగాడి ఒళ్లు గట్టిపడే రెండేళ్లని మనం కుర్చీకి కట్టేస్తన్నాం. ఆ రెండేళ్లు ఆపినోణ్ణి డిగ్రీలో మళ్లీ గ్రౌండులోకి రమ్మంటే వాడి ఊపిరి రాదు.

మరి సురేఖ చదవలేదా?

చదివింది. వెన్నం జ్యోతి సురేఖ మన బెజవాడ అమ్మాయి. అయిదేళ్లు నిండకుండానే కృష్ణ ఈదింది. తర్వాత విల్లు పట్టింది. 2017లో అర్జున అవార్డు, హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 2023 అక్టోబరులో మూడు బంగారు పతకాలు. కేఎల్ యూనివర్సిటీలో ఇంజనీరింగ్, ఎంబీఏ కూడా చేసింది. ఆమెను చూసి గర్వపడదాం.

కానీ ఆమెను చూపించి మిగతా పిల్లల్ని తిట్టమాకండి. ఆమె తండ్రి ఒకప్పటి కబడ్డీ ఆటగాడు, ఆటంటే ఏంటో తెలిసిన ఇల్లు అది. విలువిద్యలో మార్కు ఎవరిది వాళ్లకే కనపడుద్ది. పతకాలొచ్చాక కాలేజీ వాళ్లే క్యాలెండరు సర్దుతారు. ఫుట్‌బాల్ జట్టులో బ్యాక్ ఆడే కుర్రోడి పేరు పేపర్లో రాదు. గోలు పడకుండా ఆపటమే వాడి పని. వాడి కోసం ఎవరు పరీక్ష జరుపుతారు?

బయట ఎట్టా చేస్తన్నారో కూడా చూద్దాం. అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ అంటే మన ఫుట్‌బాల్ కాదు, కోడిగుడ్డు లాంటి బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తే ఆట. లక్ష మంది పట్టే స్టేడియాలున్నాయి దానికి. అక్కడ కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ ఒక గీత గీసింది. సీజన్లో వారానికి 20 గంటలకి మించి ఆటపనులు చేయించకూడదు, ఒక రోజు సెలవివ్వాలి. పెద్ద డివిజన్లో ఆడేవోడు రెండో ఏడు అయ్యేసరికి డిగ్రీలో 40 శాతం, మూడో ఏటికి 60, నాలుగో ఏటికి 80 శాతం పూర్తి చేసి ఉండాలి. ట్యూటర్లని కాలేజీలే పెడతాయి.

అదేదో స్వర్గమని చెప్పట్లేదు. నార్త్ కరోలినా యూనివర్సిటీలో 1993 నుంచి 2011 దాకా, క్లాసే జరక్కుండా ఒక పేపరు రాసిస్తే మార్కులేసే కోర్సులు నడిచాయని 2014లో విచారణ తేల్చింది. 3,100 మందికి పైగా అందులో చేరారు, దాదాపు సగం మంది ఆటగాళ్లు. చదువు చెప్పకుండా మార్కులేయడం కూడా పిల్లల్ని మోసం చేయటమే. మనకి కావాల్సింది మార్కుల దానం కాదు, పోయిన క్లాసు మళ్లీ దొరికే ఏర్పాటు.

ఏం చేయొచ్చు?

డబ్బుతో పెద్దగా పనిలేనివే చెప్తాను. ఒకటి, క్యాంపు, ప్రయాణం రోజులు కూడా టోర్నమెంటు రోజులతో కలిపి హాజరులో వేయాలి. రెండు, ఆటకి పోయి మిడ్ పరీక్ష తప్పినోడికి తిరిగొచ్చాక మళ్లీ పెట్టాలి. ఇదేం కొత్త కాదు, షూటర్ అనీష్ భన్వాలాకి 2018లో సీబీఎస్‌ఈ పదో తరగతి పరీక్షలు విడిగా పెట్టింది. అదే ఏడు వాడు పదిహేనేళ్లకే కామన్వెల్త్ బంగారం తెచ్చాడు. ఒక బోర్డు చేయగలిగింది కాలేజీలు ఎందుకు చేయలేవు? మూడు, ప్రతి ఆటగాడికీ ఒక లెక్చరర్ని చూపించి, వీడి పోయిన పాఠాలకి మీరు పూచీ అని అప్పజెప్పాలి. నాలుగు, 2023లో వచ్చిన నేషనల్ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ ఆటకి కూడా క్రెడిట్లు ఇవ్వొచ్చని చెప్తంది. దాన్ని వాడాలి.

రాష్ట్రం 2024-29 క్రీడా విధానంలో ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటాని 2 నుంచి 3 శాతం చేసింది. మంచిదే. కేంద్ర ఉద్యోగాల్లో అయితే అంతర్ విశ్వవిద్యాలయాల పోటీ సర్టిఫికెట్‌కీ విలువుంది. కానీ డిగ్రీ అడిగే ఉద్యోగానికి, డిగ్రీ ఆగిపోయినోడు ఆ సర్టిఫికెట్ ఎక్కడ చూపించుకుంటాడు? ఒక తలుపు తీసి దాని ముందు మెట్లు పీకేసినట్టుంది.

ఆ రాత్రి మా వీధి కుర్రోడికి నేను చెప్పింది చెప్తాను. వెళ్లమన్నాను. కానీ వెళ్లే ముందే లెటరు ఇవ్వాలన్నాను. ఇద్దరం కూర్చుని రాశాం. క్యాంపు తేదీలు, ప్రయాణం తేదీలు, పోటీ తేదీలు మూడూ విడివిడిగా. రెండు కాపీలు తీయించి, ఒకదాని మీద కాలేజీ స్టాంపు, తేదీ వేయించుకుని ఫొటో తీసి దాచుకోమన్నాను.

మర్నాడు ఫొటో పంపాడు. స్టాంపు ఉంది, తేదీ ఉంది. పోటీ రోజుల పక్కన టిక్కు పెట్టారు. క్యాంపు పన్నెండు రోజుల పక్కన మాత్రం ఏమీ రాయలా. "తర్వాత చూద్దాం" అన్నారంట.

వాడు క్యాంపుకి పోయాడు. ఆ ఖాళీని ఎవరు పూరిస్తారో కనుక్కోటానికి ఈ వారం నేను వాడి కాలేజీకి పోతన్నాను. మీ ఇంట్లోనో మీ వీధిలోనో ఆటాడే పిల్లలుంటే, వాళ్ల లెటర్లో ఆ గడి ఏమైందో మీరూ ఒకసారి అడగండి.